వాన లెక్క – ఊరి పుస్తకము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఒక పల్లెలో గ్రంథాలయమును ఇరువదియైదేండ్లు నిలుపుకొనుట సామాన్యమైన పని కాదు. కరవు వచ్చిన యేడు ఊరిలో మొట్టమొదట ఆగిపోవునది చందా. అయినను ఈ తలుపులు మూతపడలేదు. అందులకు మిమ్ము అభినందించి, మారుచున్న వానలను, మన బ్రతుకుతెరువును గూర్చి నాలుగు మాటలు విన్నవించుకొందును.

మన పులివెందుల సీమకు కరవు కొత్త కాదు. నైరుతి మేఘము పడమటి కనుమలపై కురిసి, తేలికపడి మన వద్దకు వచ్చును. ఈశాన్యపు వాన తీరమును తడిపి, మనలను చేరునప్పటికి సన్నగిల్లును. 1876–78 నాటి మహాక్షామము ఈ దత్తమండలములను ఎంత పీడించినదో చరిత్ర చెప్పుచున్నది. పూర్వులు ఆ యెరుకతోనే కొర్ర, జొన్న విత్తిరి; కపిల తోడినంత నీటికే మడి కట్టిరి. తరువాత బోర్లు వచ్చినవి. చీనీ, అరటి తోటలు లేచినవి, ఇండ్లు బాగుపడినవి. కాని వందల యడుగుల లోతునుండి తోడు నీరు ఒక యేటి వానతో నిండునది కాదు.

కొత్త విషయము మరియొకటి గలదు. బొగ్గు మండుటచే గాలిలో చేరు వాయువు భూమిని వేడిచేయునని స్వీడను దేశపు శాస్త్రవేత్త అరీనియస్ 1896లోనే లెక్క కట్టెను. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో ఇంచుమించు 7 శాతము అధికముగా నీటి ఆవిరిని పట్టగలదు. కావున అది ఎండలో నేల తేమను మరింత పీల్చును. కురియునపుడు కుండపోతగా కురియును. విత్తుటకు పదునైన వాన రాదు, వచ్చిన వాన గట్లు తెంచును. 2021 నవంబరు 19న చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగి రాజంపేట ప్రాంతపు పల్లెలు మునిగినవి. ఒక్క విపత్తును ఒక్క కారణమునకే ముడివేయరాదు. కాని అట్టి వానలకు సిద్ధపడవలెనన్న హెచ్చరిక అందు గలదు.

ఇక న్యాయము మాట. మన తోటలకు గండికోటనుండి నీరు ఎత్తిపోయుచున్నారు, సంతోషము. ఆ జలాశయమున నీరు నిలుపుటకై 2020లో తాళ్ళప్రొద్దుటూరువారు ఊరు విడువవలసి వచ్చినది. మన పచ్చదనములో వారి గడపలు కలిసియున్నవని మరువరాదు.

అణువిద్యుత్తు పొగలేనిదందురు. దానికి కావలసిన యురేనియమును వేముల మండలములోని తుమ్మలపల్లెలో త్రవ్వుచున్నారు. శుద్ధి చేయగా మిగిలిన వ్యర్థమును కొట్టాల సమీపమున చెరువువంటి కట్టడములో నిలువ చేయుదురు. తమ బోరునీరు చెడినదని, తోటలు దెబ్బతిన్నవని చుట్టుపట్ల రైతులు మొరపెట్టుకొనిరి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నోటీసులిచ్చినది. తనవలన కాలుష్యము లేదని సంస్థ చెప్పినది. త్రాగునీటిలో యురేనియము లీటరుకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన. మన దేశపు అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు 60. అనగా 45 ఉన్న నీరు ఒక లెక్కలో మంచిది, మరియొక లెక్కలో కాదు. బిందె పట్టుకొని నిలిచిన తల్లి ఏ లెక్కను నమ్మవలెను?

ఈ తగవు తెగకుండుటకు ఒక కారణము స్పష్టము. గని రాకముందు ఏ బావినీరు ఎట్లుండెనో ఊరివారి చేత వ్రాత లేదు. నోటిమాటకు కచేరీలో విలువ తక్కువ. పరిశోధకులు వత్తురు, ప్రశ్నలడుగుదురు, సీసాలలో నీరు పట్టుకొని పోవుదురు. ఫలితము మనకు రాని భాషలో మనకు చేరని చోట నిలుచును. వారిని నిందించుట లేదు. వారిలో పలువురు మన మేలు కోరినవారే. కాని అడుగవలసినది మనము అడుగలేదు.

రైతు తానే పరిశోధకుడు కాగలడనుటకు మన రాష్ట్రమే సాక్ష్యము. 2003 ప్రాంతమున మొదలై, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, కడపతో సహా ఏడు కరవు జిల్లాలలో రైతుల భూగర్భజల యాజమాన్య పథకము నడిచినది. రైతులే వానను కొలిచిరి, బావి మట్టము కొలిచిరి. ఉన్న నీటికి ఏ పైరు తగునో ఊరందరు కూర్చుండి లెక్క వేసికొనిరి. ఎవరును ఎవరిని శాసింపలేదు. లెక్క కన్నులయెదుట నుండుటచే పలువురు నీరు తక్కువ త్రాగు పైరులకు తామే మరలిరి.

కావున ఈ రజతోత్సవ సందర్భమున నా ప్రార్థన ఒక్కటే. ఈ గ్రంథాలయమున ఒక పెద్ద పుస్తకము తెరువుడు. అందు కురిసిన వాన, బావులలో నీటిమట్టము, వేసిన బోర్లు, ఎండిన బోర్లు, నీటి పరీక్షల ఫలితములు తేదీలతో వ్రాయుడు. బడిపిల్లలు కొలుతురు, పెద్దలు సరిచూతురు. ఊరికి వచ్చు ప్రతి పరిశోధకుని, తన ఫలితమును తెలుగున వ్రాసి ఒక ప్రతి ఇచ్చట ఉంచుమని మర్యాదగా కోరుడు.

ఇతరులు వ్రాసిన పుస్తకములను ఇరువదియైదేండ్లు చదివితిమి. ఇక మన పుస్తకమును మనమే వ్రాయుదము. స్వర్ణోత్సవమునాటికి ఈ ఊరి నీటిని గూర్చి ఎవరైనను ప్రశ్నించినచో, బదులు ఈ బీరువాలోనే దొరకవలెను.