కరోనా కాలం – కొట్టు కొలువు శిక్షణ



ముప్పై ఏళ్ళు ఫైళ్ళు నడిపిన గుమస్తాగా ఒక అనుభవం మనవి చేస్తాను.

2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చేనాటికి మా ఎదురింటి అమ్మాయి దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన క్రింద రిటైల్ దుకాణపు పనిలో శిక్షణ పొందుతున్నది. కేంద్రం మూసి పిల్లలను ఇళ్ళకు పంపారు. కొన్నాళ్ళకు పాఠాలు ఫోనులో అన్నారు. వాళ్ళింట్లో ఉన్నది ఒకటే ఫోను. పాల వ్యాను నడిపే తండ్రి వెంట అది వెళ్ళిపోయేది. "తాతయ్యా, నా పేరు కొట్టేస్తారేమో" అని కంటతడి పెట్టింది. రోజూ రెండు గంటలు నా ఫోను ఇచ్చాను. అరుగుకు ఆ చివర తను, ఈ చివర నేను.

సరుకు సర్దడం, బిల్లు వేయడం పాత పాఠాలే. మాస్కుతో స్పష్టంగా మాట్లాడడం, ఆరడుగుల దూరంలో వరుస నిలపడం, ఫోనులో ఆర్డరు రాసుకుని సరుకు ఇంటికి పంపడం, యుపిఐ చెల్లింపు సరిచూడడం కొత్తగా చేర్చారు. పాఠం మార్చినందుకు మెచ్చుకోవాలి. కాని ఎవరింట్లో ఎన్ని ఫోనులున్నాయని ముందుగా ఎవరూ అడగలేదు. చేతితో నేర్చే పని ఫోనులో రాదు కూడా. మా వీధి కిరాణా షావుకారును బతిమాలితే రోజూ కాసేపు కౌంటరు దగ్గర నిలబెట్టుకున్నాడు.

ఇవాళ ఆ అమ్మాయి సూపర్ మార్కెట్‌లో బిల్లింగు చేస్తున్నది. నాకు యుపిఐ నేర్పిన గురువూ ఆమే!

ప్రణాళిక మార్చడం సర్కారు పని. అది పిల్లలకు అందేటట్లు చూడడంలో మనకూ పాలున్నది. మన అరుగులు ఖాళీగానే ఉన్నాయి గదా! సెలవు.