పనివాడి ముక్కు దగ్గరి గాలి



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆయన జీవితమంతా ఫ్యాక్టరీలు తనిఖీ చేసినవారు. ఆ పనికి తోబుట్టువు లాంటి మరో వృత్తి గురించి ఈ పూట చెబుతాను. దాని పేరు ఆక్యుపేషనల్ హైజీన్. పనిచోట దుమ్ము, ఆవిర్లు, శబ్దం, వేడి మనిషిని జబ్బు పడేయకముందే వాటిని పసిగట్టి, కొలిచి, అదుపులో పెట్టడం ఈ వృత్తి బాధ్యత.

దీనికి మూలపురుషుడు ఇటలీలోని మోడెనాలో ఉన్న వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని. తన ఇంటి మరుగుదొడ్డి గుంట శుభ్రం చేస్తున్న మనిషి ఊపిరి సలపనంత తొందరగా పనిచేస్తుంటే ఎందుకని అడిగాడు. ఎక్కువసేపు ఉంటే కళ్లు పోతాయన్నాడు ఆ మనిషి. ఆ మాట ఆయన్ని ఊరంతా తిప్పింది. 1700లో వృత్తి రోగాలపై పుస్తకం వేసి, రోగిని 'నువ్వేం పని చేస్తావు?' అని కూడా అడగండని సాటి వైద్యులకు చెప్పాడు. మన ఆసుపత్రుల్లో ఎంతమంది అడుగుతున్నారు?

అమెరికాలో ఆలిస్ హామిల్టన్ 1910లో ఇల్లినాయ్‌లో సీసం విషానికి గురైనవాళ్లను వెతుక్కుంటూ వెళ్లింది. 1919లో హార్వర్డ్ ఆమెను తొలి మహిళా అధ్యాపకురాలిగా తీసుకుంది. ఫుట్‌బాల్ టికెట్లు మాత్రం ఇవ్వనంది!

నా దృష్టిలో అసలు మలుపు 1960. బ్రిటన్‌లోని హార్వెల్ అణు కేంద్రంలో షేర్‌వుడ్, గ్రీన్‌హాల్ అనే ఇద్దరు బ్యాటరీతో నడిచే చిన్న పంపును పనివాడి ఒంటికే తగిలించారు. అంతవరకూ గదిలో ఒకచోట పరికరం పెట్టి గాలి పట్టేవారు. పనివాడు పీల్చేది అంతకంటే ఎంతో చెడ్డ గాలని ఈ పంపు బయటపెట్టింది. గ్రైండర్ మీద వంగినవాడి ముక్కుకూ, గోడవార ఉన్న పరికరానికీ మధ్య దూరం నాలుగు అడుగులే కావచ్చు. 'పరిమితిలోనే ఉంది' అన్న రిపోర్టుకూ, పాడైన ఊపిరితిత్తులకూ పొంతన కుదరనిది ఆ నాలుగు అడుగుల్లోనే.

మన దేశంలో ఈ లెక్క ఎప్పుడూ ఆలస్యంగానే తేలింది. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో పలక మీద రాసే బలపాలు కోసే కార్మికులను అహ్మదాబాద్ జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరీక్షిస్తే సగానికి పైగా మందిలో సిలికోసిస్, అంటే సిలికా దుమ్ముతో ఊపిరితిత్తులు పాడయ్యే జబ్బు కనిపించింది. గాలిలో విషాల పరిమితులు 1948 ఫ్యాక్టరీల చట్టంలోకి చేరడానికి భోపాల్ గ్యాస్ దుర్ఘటన జరగాల్సివచ్చింది. 1987 సవరణతో అవి వచ్చాయి. 2025 దాకా అమల్లో ఉన్న అదే చట్టం వెయ్యిమంది పనిచేసే ఫ్యాక్టరీకి సేఫ్టీ ఆఫీసరు ఉండాలంది. హైజీనిస్టు ఊసెత్తలేదు.

ఇక రేపటి సంగతి. వంటగది గట్లకు వాడే కృత్రిమ క్వార్ట్జ్ పలకలను కోసే కుర్రాళ్లకు సిలికోసిస్ సోకుతుంటే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ రాయినే నిషేధించింది. హైదరాబాద్ చుట్టుపక్కల అలాంటి పలకలు తయారై అమెరికా వెళుతున్నాయి. నీళ్లు చల్లుతూ కోయడం, దుమ్మును పుట్టినచోటే లాగేయడం తెలిసిన విద్యలే. మాస్కు చివరి మార్గం. మన దగ్గర అదే మొదటిదీ చివరిదీ అవుతోంది. కొత్త సెన్సర్లు నిమిష నిమిషానికీ కొలతలిస్తాయి, సంతోషమే. ఆ అంకెలు యజమాని కంప్యూటర్‌లో దాగితే మాత్రం వృథా.

ఈ సభలో కెమిస్ట్రీ, ఇంజనీరింగ్ చదివే పిల్లలున్నారు. ఈ వృత్తిలోకి రండి. కార్మిక సంఘాల మిత్రులకు ఒక మాట: పనిచోట ఆరోగ్య, భద్రతల సమాచారం అడిగే హక్కును 1987 సవరణే 111ఎ సెక్షన్‌గా కార్మికుడికి ఇచ్చింది; ఆ హక్కు ఇప్పటికీ ఉంది. మీ షెడ్డులో గాలిని ఎవరు కొలిచారో, ఎక్కడ నిలబడి కొలిచారో అడగండి.