రెండు తీరాల కాగితాలు



పూర్వీకుల వివరాలు ఎలా వెతకాలో పిల్లలకు చెప్పమని నిర్వాహకులు కోరారు. చాలా ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి కనుక ఒక ఉదాహరణతో చెబుతాను. ఇది ఐర్లండులో ద్వీపాంతర శిక్ష పడి ఆస్ట్రేలియా చేరిన ఒక ఖైదీ సంగతి.

1788 నుంచి 1868 వరకు బ్రిటిష్ ప్రభుత్వం లక్షా అరవై వేల మందికి పైగా ఖైదీలను ఓడలలో ఆస్ట్రేలియాకు పంపింది. వారిలో ఐరిష్ వారు వేల సంఖ్యలో ఉన్నారు. తాత ఖైదీగా వచ్చాడని చెప్పుకోవడానికి చాలా కుటుంబాలు సిగ్గుపడి, ఆ మాటే ఎత్తకుండా పిల్లలను పెంచాయి. మనవల కాలం వచ్చేసరికి నిజం తెలియడానికి కాగితాలే దిక్కయ్యాయి.

జాన్ కెల్లీని తీసుకుందాం. 1880లో మెల్‌బోర్న్‌లో ఉరిశిక్షకు గురైన నెడ్ కెల్లీకి ఈయన తండ్రి. ఈయన ఏ నేరం మీద వచ్చాడన్న దానిపై రకరకాల కథలు ప్రచారంలో ఉండేవి. కాగితాలు చెప్పేది ఒక్కటే: టిప్పరరీ ప్రాంతంలో రెండు పందులు దొంగిలించినందుకు 1841లో ఏడేళ్ళ ద్వీపాంతర శిక్ష.

మన ఊళ్ళలో వెంకటేశ్వర్లు ఎంతమందో ఐర్లండులో జాన్ కెల్లీలు అంతమంది. పేరొక్కటే పట్టుకుంటే వేరొకరి తాతను మన తాత అనుకుంటాం. అందుకే పేరుతోపాటు వయసు, పుట్టిన చోటు, పడిన శిక్ష, ఎక్కిన ఓడ కూడా సరిచూడాలి. ఈ కెల్లీ ‘ప్రిన్స్ రీజెంట్’ ఓడలో 1842 జనవరిలో హోబార్ట్ చేరాడు. అప్పట్లో వాన్ డీమెన్స్ లాండ్ అనే ఆ దీవిని నేడు టాస్మేనియా అంటున్నాం. అక్కడి గుమాస్తాలు దిగిన ప్రతి ఖైదీ ఎత్తు, కళ్ళ రంగు, తెలిసిన పని, ఒంటి మీది గుర్తులు, తర్వాతి నడవడి రాసిపెట్టారు.

ఆ రాత విలువ తర్వాత తెలిసింది. 1922లో అంతర్యుద్ధం జరుగుతుండగా డబ్లిన్‌లోని ప్రభుత్వ రికార్డుల కార్యాలయం తగలబడింది. 1836కు ముందటి ద్వీపాంతర శిక్షల రిజిస్టర్లు నశించాయి. అంతకు ముందు పంపబడినవారి ఆనవాళ్ళు చాలావరకు ఓడ చేరిన తీరంలోనే దొరుకుతాయి. మిగిలిన ఐరిష్ రికార్డుల నకళ్ళను 1988లో ఐర్లండు ప్రభుత్వం ఆస్ట్రేలియాకు కానుకగా ఇచ్చింది.

మన పెద్దలు ఖైదీలుగా రాలేదు. అయినా ఊరు విడిచి మరో రాష్ట్రంలో స్థిరపడిన కుటుంబాలం కనుక మన కాగితాలూ రెండు చోట్ల ఉంటాయి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా ఉంటుంది, మరోచోట పొడి అక్షరమై పోతుంది. తాత పేరు భూమి పత్రంలో ఒకలా, బడి రిజిస్టరులో మరోలా కనిపిస్తుంది. తేడా కనపడగానే మన కాగితం కాదని పక్కన పెట్టకండి. ఊరు, తండ్రి పేరు, సంవత్సరం కలుస్తాయేమో చూడండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పెద్దల కష్టాన్నీ, తప్పునూ పిల్లల దగ్గర దాచకండి. రెండు పందుల దొంగతనం వెనుక ఆనాటి ఐర్లండు పల్లెల పేదరికం కూడా ఉంది. అది తెలిస్తే పిల్లలు చిన్నబుచ్చుకోరు, అర్థం చేసుకుంటారు.

విద్యార్థులారా, ఈ సెలవుల్లో ఇంట్లో అందరికన్నా పెద్దవారి పక్కన కూర్చుని పేర్లు, ఊర్లు, సంవత్సరాలు ఒక నోటుపుస్తకంలో రాయండి. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో కూడా రాయండి.