ఐక్యత – వ్యక్తిగత బాధ్యత

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక!



2025 నవంబరులో ఆపిల్ టీవీలో ‘ప్లురిబస్’ అనే ధారావాహిక మొదలయింది. రూపకర్త విన్స్ గిల్లిగన్. అంతరిక్షం నుంచి అందిన సంకేతంతో తయారైన వైరస్ వల్ల మానవులందరి మనసులూ కలిసి ఒకే మనసైపోతాయి. పదముగ్గురు మాత్రమే విడిగా మిగులుతారు. ఆ ఉమ్మడి మనసు క్రూరమైనది కాదు. కలహాలు, దొంగతనాలు ఆగిపోతాయి. కెరోల్ అనే రచయిత్రి ఏది కోరినా అది సమకూరుస్తుంది. అయితే ఆమెనూ తనలో కలుపుకోవాలన్న సంకల్పాన్ని మాత్రం విడువదు. అదంతా ఆమె మేలుకేనంటుంది.

‘తగవులు లేని ఆ లోకం మంచిదే కదా, ఉమ్మత్ ఒక్కటి కావాలంటే అర్థం అదే కదా’ అని మన యువకులకు సందేహం కలగటం సహజం.

ఆ కథలోనే పెరూ దేశపు కొండపల్లె అమ్మాయి ఇష్టపూర్వకంగా ఆ మనసులో చేరుతుంది. అంతవరకు ఆమె కోసం పాడిన ఊరివారు పాట ఆపి, ఊరు విడిచి వెళ్ళిపోతారు. తాను పెంచిన మేకపిల్ల అరుస్తూ వెంటపడినా ఆమె పట్టించుకోదు. అందరినీ సమానంగా ప్రేమిస్తామన్నవారిలో ఆ మూగజీవికి జవాబుదారీ ఒక్కరూ మిగలలేదు.

ఇస్లాం కోరే ఐక్యత ఇది కాదు. అల్లాహ్ తలచుకుంటే మానవులందరినీ ఒకే సమాజంగా చేసేవాడని, పరీక్షించేందుకే అలా చేయలేదని దివ్య ఖుర్ఆన్ అల్ మాయిదా సూరా 48వ ఆయతు తెలుపుతోంది. ఒకరి భారం మరొకరు మోయరని, ప్రళయదినాన ప్రతివాడూ ఒంటరిగానే హాజరవుతాడని కూడా ఖుర్ఆన్ బోధిస్తోంది. మనసే తనది కానివాడు ఏ కర్మకు లెక్క చెప్పగలడు?

మన నమాజునే చూడండి. భుజానికి భుజం కలిపి నిలబడతాము; నియ్యత్ మాత్రం ఎవరిది వారిదే. ఇమామ్ పొరబడితే వెనుక నిలిచినవాడు ‘సుబ్‌హానల్లాహ్’ అని గుర్తు చేస్తాడు. అందరిదీ ఒకే మనసైతే ఆ పొరపాటును గుర్తించేదెవరు? హిజ్రీ 5వ ఏట మదీనాను కాపాడిన కందకం పర్షియా నుంచి వచ్చిన సల్మాన్ (రజి) సలహా. ఆయన అందరిలా ఆలోచించి ఉంటే ఆ సలహాయే ఉండేది కాదు.

విశ్వాసులు ఒకే శరీరం వంటివారని దైవప్రవక్త (సఅసం) ఉపమానం చెప్పారు. ఒక అవయవం బాధపడితే శరీరమంతా బాధపడుతుంది. అయినా కన్ను కన్నుగానే, చేయి చేయిగానే ఉంటాయి. మన ప్రాంతపు మగ్గాలపై పడుగు, పేక కలిస్తేనే పట్టుచీర అవుతుంది; పోగులన్నీ కరిగి ముద్దయితే చీర కాదు.

అలాగని ఎవరికి వారై బ్రతకటమూ ధర్మం కాదు. పొరుగువాడి ఆకలి ఎరుగని స్వేచ్ఛ స్వార్థమే.

సోదరులారా, ‘నీ మేలుకే’ అనే మాటతో మనమూ ఇళ్ళల్లో ఎదుటివారి ఇష్టాన్ని తుడిచివేస్తున్నామేమో ఆలోచిద్దాం. నికాహ్‌లో తండ్రికి ఎంత ప్రేమ ఉన్నా కుమార్తె సమ్మతి అడగాలన్నది ప్రవక్త (సఅసం) ఆదేశం. ఆమె మౌనానికి మనకిష్టమైన అర్థం చెప్పుకొనే ముందు, ఆమె నిర్భయంగా ‘వద్దు’ అనగల ఇల్లేనా మనదని చూసుకోవాలి. జమాఅత్ సమావేశంలో భిన్నంగా మాట్లాడిన యువకుణ్ణి కసరక ముందు అతని మాట పూర్తిగా విందాం.

అల్లాహ్ మన హృదయాలను కలుపుగాక! మనలో ప్రతి ఒక్కరికీ సత్యాన్ని పలికే ధైర్యాన్ని, ఇతరుల మాట వినే ఓర్పును ప్రసాదించుగాక! ఆమీన్.