పందెపు కారుకు చలువ పందిరి

వేసవి వచ్చినదనగానే మన ఇండ్లముందు చలువ పందిళ్లు లేచును; మూలనున్న కూజాలు బయటికి వచ్చును. యంత్రమునకు ఇట్టి ఋతుభేదము లేదు. నడచినంతసేపు దానికి గ్రీష్మమే. మేము నలుగురు మిత్రులము సెలవు దినములలో కూడి, ఒక చిన్న పందెపు కారునకు మా చేతులతోనే రేడియేటరును, ఇంటర్‌కూలరును కూర్చితిమి. ఆ పనిలో నేర్చిన సంగతులను, చేసిన పొరపాటునుకూడ దాచక, మీకు విన్నవింపదలచితిమి.

మా బండి ఇద్దరు మాత్రమే కూర్చుండదగినది. పై తొడుగు ఫైబరుగ్లాసుతో చేసినది. దాని పాత ఇంజనును తీసి, టర్బోచార్జరు గల ఒక లీటరు పెట్రోలు ఇంజనును పెట్టితిమి. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ఇట్టి మార్పులకు హద్దులు విధించినది. తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టుకూడ స్పష్టపరచినది. కావున మా కారు వీధిలో తిరుగదు. లారీపై ఎక్కి పందెపు బాటకు పోవును, లారీపైననే తిరిగి వచ్చును.

ఇంజనులో కాలిన పెట్రోలు వేడి అంతయు చక్రములకు చేరునని అనుకొనరాదు. స్థూలముగా మూడవవంతు పనిగా మారును. మరొక వంతు పొగగొట్టము వెంట పోవును. మిగిలిన వేడి ఇంజను గోడలను కాచును. ఆ వేడిని నీరు మోసికొనివచ్చి రేడియేటరులో గాలికి అప్పగించును. తడిబట్టను ముద్దగా పెట్టిన ఆరదు. దండెముపై పరచిన ఆరును. రేడియేటరు రహస్యముకూడ అదియే. కొలది చోటులో ఎంత ఎక్కువ లోహపు ముఖము గాలికి తగిలిన అంత మేలు. 1900లో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ 35 అశ్వబలముల మెర్సిడెస్ కారునకు తేనెపట్టు వంటి రేడియేటరును నిర్మించెను. అందు 6 మిల్లీమీటర్ల చదరపు గొట్టములు 8,070 ఉండెను. నేటి రేడియేటర్లలో చదునైన గొట్టములును, వాటి నడుమ ముడుతల రేకులును ఉన్నను, సూత్రము అదియే.

ఇక ఇంటర్‌కూలరు సంగతి. సైకిలునకు గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము చేతికి వెచ్చగా తగులుట మీరెల్లరు ఎరుగుదురు. గాలిని అదిమిన అది వేడెక్కును. టర్బోచార్జరు చేయు పనియు అదియే. పొగ వేగముతో తిరుగు చక్రము ఇంజనులోనికి గాలిని అదిమి పంపును. మన వేసవిలో 40 డిగ్రీల గాలిని 1.7 రెట్ల ఒత్తిడికి అదిమినచో, మామూలు టర్బోచార్జరునుండి అది సుమారు 113 డిగ్రీలతో వెలువడును. వేడిగాలి పలుచన. అంతేకాదు, పెట్రోలు తన వంతు రాకముందే తానై అంటుకొని, సుత్తితో కొట్టినట్లు ఇంజనులో చప్పుడు పుట్టును. అది ముదిరిన పిస్టన్లు పగులును. నడుమ ఇంటర్‌కూలరు ఉండి ఆ పెరిగిన వేడిలో నూటికి 70 వంతులు తీసివేసినచో, గాలి 62 డిగ్రీలకు దిగును. నూటికి 15 వంతులు చిక్కబడును. 1978లో పోర్షే సంస్థ తన 911 టర్బో కారునకు ఇంజనును 3.3 లీటర్లకు పెంచి, వెనుక రెక్క క్రింద ఇంటర్‌కూలరును అమర్చినది ఇందుకే.

మా పని ఇట్లు సాగినది. గొట్టములు, రేకులు కూడిన నడిమి భాగమును, అనగా కోరును, ఇంట చేయుట సాధ్యముకాదు, దానిని కొంటిమి. రెండు ప్రక్కల తొట్లను మాత్రము 3 మిల్లీమీటర్ల అల్యూమినియము రేకుతో మేమే కత్తిరించి మడిచితిమి. ముందు అట్టముక్కలతో నమూనా చేసి, బండిలో పట్టునో లేదో చూచుకొని, తరువాతనే రేకును కోసితిమి. అతుకుటకు విజయవాడ ఆటోనగరులోని ఒక వెల్డింగు మేస్త్రిగారిని ఆశ్రయించితిమి. ఆయన మా రేకును వ్రేలితో రాచి చూచి, “బాబూ, దీనిమీద నూనె ఉంది. ముందు శుభ్రంగా తుడిచి, బ్రష్షుతో తోమి తీసుకురండి. మురికి రేకుకు అతుకు నిలవదు” అనిరి. తుడిచి తెచ్చిన పిదప ఆర్గాన్ వాయువు నీడలో అతికిరి. అతుకు బాగుగా కుదిరినదా అని తెలిసికొనుటకు, సైకిలు ట్యూబువలె నీటితొట్టిలో ముంచి, చదరపు సెంటీమీటరునకు ఒక కిలో మించకుండ గాలి నింపితిమి. రెండుచోట్ల బుడగలు వచ్చెను. మరల అతికించితిమి.

ఇంతవరకు అంతయు సక్రమమే. మే నెలలో చెన్నై సమీపమున ఒక పందెపు బాటకు బండిని తీసికొనిపోతిమి. ఇంటర్‌కూలరును ముందు, దానిని ఆనుకొని వెనుక రేడియేటరును నిలిపియుంటిమి. ఎదుట వెడల్పైన నోరు ఉన్నది గదా, గాలి తానే వచ్చునని తలచితిమి. అయిదవ చుట్టులో వేడిముల్లు ఎర్రగీత దాటెను. బండిని ప్రక్కకు తీసి ఆపితిమి. మాలో చిన్నవాడు ఆతురతతో గుడ్డపట్టి రేడియేటరు మూతను త్రిప్పెను. మరుక్షణము నీరు, ఆవిరి ఎగసి అతని ముంజేయి కాలినది. ఇరువది నిమిషములు చల్లని నీటిధార క్రింద చేయి పట్టించి, వైద్యుని యొద్దకు తీసికొనిపోతిమి. చేయి మానుటకు మూడు వారములు పట్టినది.

రేడియేటరు మూత సామాన్యమైన మూత కాదు. అందు స్ప్రింగు ఉండి లోపలి నీటిని ఒత్తిడిలో ఉంచును. వెలుపలి గాలికంటె మరొక వాయుపీడనమంత ఒత్తిడి హెచ్చిన, నీరు 100 డిగ్రీల వద్ద గాక 120 డిగ్రీల వద్ద మరుగును. అట్టి నీరు 110 డిగ్రీలలో నిశ్చలముగనే ఉండును. మూత తీసిన క్షణముననే ఒత్తిడి పోయి, అంతయు ఒక్కమారు పొంగి ఆవిరియై ఎగయును. చిన్నవానిని ఇంటికి చేర్చినపుడు అతని తల్లిగారు చేతికట్టును చూచి, మాతో ఇట్లనిరి: “నాయనా, ఆవిరి పోకుండా కుక్కరు మూత తీయకూడదని మా ఇంట్లో పనిపిల్లకు కూడా తెలుసు. వీణ్ణి వంటింట్లోకి రానీయకుండా పెంచాను, అది నా తప్పు. మీరు పెద్దవాళ్లు, మీరైనా చెప్పవద్దా?” మా యొద్ద సమాధానము లేకుండెను. లెక్కలన్నియు కాగితముపై వేసిన మేము, వంటయింటి పాఠమును మరచితిమి.

పిదప తప్పెక్కడనో వెదకితిమి. గాలికి ఇష్టమైన దారి సులువైన దారి. కోరు చుట్టును సందులున్నచో, రేకుల నడుమ దూరుటకు బదులు ఆ సందులగుండనే జారిపోవును. పైగా ఇంటర్‌కూలరు కాచిన గాలియే మా రేడియేటరునకు దక్కుచుండెను. ఇంగ్లండులో మెరెడిత్ అను శాస్త్రజ్ఞుడు 1935లోనే విమానముల రేడియేటర్లను గూర్చి ఈ విషయమును వివరించెను. ఇరుకైన నోటితో మొదలై క్రమముగా విప్పారు గొట్టములో గాలి నెమ్మదించి, ఒత్తిడి పెంచుకొని, కోరునంతను సమముగా తాకును. వెనుక గొట్టము మరల ఇరుకైన, వేగముతో వెలువడును. 1936లో ఎగిరిన స్పిట్‌ఫైర్ విమానపు రెక్కక్రింది రేడియేటరు ఇట్టిదే.

మేమును ఆ మార్గమునే త్రొక్కితిమి. ఇంటర్‌కూలరును క్రిందికి దింపి, రెండింటికి వేరువేరు నోళ్లు పెట్టితిమి. రేకుతో గొట్టములు చేసి, అంచులను రబ్బరుతో మూసితిమి. వేడిగాలి పోవుటకు బానెట్టులో కిటికీ కోసితిమి. ఫాను చుట్టు రేకు తొడుగు వేసితిమి. నీటిలో చిక్కిన గాలి పైకి చేరుటకు, ఇంజనుకంటె ఎత్తున ఒక చిన్న తొట్టిని బిగించితిమి. మరుసటి పర్యాయము అంతే ఎండలో పది చుట్లు తిరిగినను ముల్లు 95 దాటలేదు. అప్పుడు చక్రమువద్ద కూర్చున్నవాడు ఆ చిన్నవాడే.

గృహస్థులకు ఒకటి రెండు మాటలు చెప్పి ముగింతుము. మీ కారు దారిలో వేడెక్కినచో, ప్రక్కకు ఆపి ఇంజనును కట్టివేయుడు. కనీసము అరగంట తాళి, పై గొట్టము చేతికి చల్లబడిన పిదపనే మూతను తాకుడు. రేడియేటరులో పోయు రంగు ద్రవమునందు సాధారణముగా ఎథిలీన్ గ్లైకాలు ఉండును. అది తియ్యగా ఉండు విషము. పిల్లలకు, పెంపుడు జంతువులకు అందని చోట దాచుడు. పాత వాల్వు రేడియోల వెనుక అట్టకు వరుసగా చిల్లులుండెడివి. వాటిని మూయవలదని పెద్దలు హెచ్చరించెడివారు. వేడి పుట్టినచోట అది వెడలుటకు దారియు ఉండవలెను. ఆ దారిని ముందుగా ఏర్పరచుటయే మా పనియంతటి సారము.