రక్షకభటుడును గ్రంథాలయమును
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



పోలీసులను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను మొదట వెనుదీసితిని. గ్రంథాలయ వేదికపై కవులను, కావ్యములను గూర్చి ముచ్చటించుట పరిపాటి. కాని ఇటీవల పోలీసువారు మన గ్రామములకు వచ్చి నేరనివారణ సభలు జరుపుచున్నారు. పాఠశాలలలో బాలబాలికలకు హితవు చెప్పుచున్నారు. ఆ మాటలు విన్నవారిలో ఆపద కలిగిననాడు స్టేషను గడప త్రొక్కువా రెందరు? ఈ ప్రశ్నయే నన్నిక్కడ నిలిపినది.

పలనాటివారికి పోలీసన్న భయము ఊరక పుట్టినది కాదు. ఈ ప్రాంతము చెన్నపట్టణపు రాజధానిలో చేరియున్న కాలమున 1859 లో జిల్లా పోలీసు చట్టము వచ్చినది. ఆనాటి పోలీసు ప్రజల కొలువులో నుండెననుటకు వీలులేదు. దొరల కొలువులో నుండెను. అడవిలో పశువులు మేసినందులకు పుల్లరి కట్టుమనగా 1921 లో మనవారు ఎదురు తిరిగిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాటివద్ద కన్నెగంటి హనుమంతు పోలీసుల తుపాకిగుండ్లకు బలియయ్యెను. ఆ కథను తాతలనోట విన్న పిల్లవాడు ఖాకీదుస్తులు చూడగానే తలుపుచాటునకు పోవుటలో వింతయేమున్నది?

భయమొక్కటియే కాదు, పట్టుదల కూడ మనకు పాతదే. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు, దాయాదులు. కోడిపందెముతో మొదలైన పంతము కారెంపూడి రణభూమిలో ముగిసినది. (ఆ పందెపుబరివద్ద తెలివిగల హెడ్డు కానిస్టే బొక్క డుండినయెడల మన వీరచరిత్ర యెట్లుండెడిదో!) హాస్యమటుంచి, 2024 మే 13 వ తేదీ ఎన్నికలనాడు పలనాటిలో చెలరేగిన అల్లర్లకు 144 వ సెక్షను విధింపవలసి వచ్చినది. అట్టి కేసులలో ముద్దాయిలయ్యెడివారిలో చదువుకొన్న యువకులును ఉందురు. నాయకులు రాజీపడినను వారి పేర్లు కాగితములనుండి తొలగవు. ఉద్యోగమునకు, పాస్‌పోర్టునకు పోలీసు విచారణ జరుగునప్పుడు ఆ కాగితమే ముందు కన్పట్టును. ‘బైండోవరు’ అని మనవారు వాడుకగా అనునది శిక్ష కాదు. శాంతిభంగము చేయనని ముందుగా వ్రాయించుకొను పూచీకత్తు. ఈ భేదము తెలియక కొందరు దానికి భయపడి ఊరు విడుతురు, కొందరు దానిని బిరుదమువలె చెప్పుకొందురు. ఈ రెండవవారిని చూచిన నా కెక్కువ దిగులు.

చట్టము మనకిచ్చిన హక్కులు కొన్ని గలవు. 2024 జులై 1 నుండి పాత క్రిమినలు ప్రొసీజరు కోడు స్థానమున భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోనికి వచ్చినది. దానినిబట్టి నేరము ఎక్కడ జరిగినను, ఏ స్టేషనులోనైనను ఫిర్యాదు చేయవచ్చును. వ్రాయలేనివారు నోటితో చెప్పవచ్చును. పోలీసువారు వ్రాసికొని చదివి వినిపింపవలెను. ఫోను, కంప్యూటరుల ద్వారా పంపినచో మూడు దినములలో వచ్చి సంతకము చేయవలెను. కేసు నమోదైన పిదప ప్రథమ సమాచార నివేదిక ప్రతిని ఉచితముగా ఇయ్యవలెను. స్టేషను అధికారి నమోదు చేయనిచో జిల్లా సూపరింటెండెంటునకు తపాలాలో వ్రాయవచ్చును. అప్పటికిని పని కానిచో మేజిస్ట్రేటును ఆశ్రయింపవచ్చును. స్త్రీలను, అరువదియేండ్లు దాటిన పురుషులను సాక్ష్యవిచారణకై స్టేషనునకు రమ్మని నిర్బంధింపరాదు. వారున్న యింటివద్దనే విచారింపవలెను. ఇది తెలిసిన తల్లి స్టేషనునకు పిలుతురేమోయని జడిసి, తాను చూచినదానిని దాచవలసిన పనిలేదు.

ఇక నేటి దొంగ గోడకు కన్నము వేయడు. మా యెరుకలోని యొక ముదుసలి రైతునకు మిర్చి అమ్మిన సొమ్ము బ్యాంకులో పడిన వారమునకే ఫోను వచ్చినది. ఖాతా నిలిచిపోవుచున్నదని బెదరించి, ఫోనునకు వచ్చిన ఓటీపీ అంకెలు చెప్పించుకొనిరి. ఆ పెద్దాయన సొమ్ము పోయినదని గ్రహించియు నాలుగు దినములు కొడుకులకు చెప్పలేదు, నవ్వుదురని సిగ్గు. ఆ సిగ్గే దొంగకు పెట్టుబడి. వెంటనే 1930 కు ఫోను చేసినచో, సొమ్ము చేరిన ఖాతాను స్తంభింపజేయుటకు బ్యాంకులకు కబురు పోవును. ఆలస్యమైనకొలది అది ఖాతానుండి ఖాతాకు ప్రాకి, ఎక్కడనో నోట్లై చేతులు మారును. వీడియోలో పోలీసువేషము చూపి ‘డిజిటల్ అరెస్టు’ చేసితిమని బెదరించువారును గలరు. అట్టి అరెస్టు మన చట్టములో లేదు.

అత్యవసరమునకు 112, పిల్లల ఆపదకు 1098, స్త్రీలకు 181, గంజాయి సమాచారమునకు 1972. ఈ నాలుగంకెలను పత్రికలబల్లపై అంటించిన చాలును. వీథులలో కెమెరాలు పెట్టుచున్నారు, మంచిదే. కెమెరా దొంగను చూపునేగాని సాక్షికి గుండెనిబ్బర మీయదు.

పోలీసుశాఖవారు ప్రజలను చేరదీయుటకు చేసిన యత్నములు లేకపోలేదు. ఉమ్మడి రాష్ట్రములో ‘మైత్రి’ యను పేర సంఘములు వెలసినవి. 2019 నుండి సచివాలయములలో మహిళా పోలీసులను నియమించిరి. అక్టోబరు 21 న జరుగు అమరవీరుల సంస్మరణ సందర్భమున విద్యార్థులను స్టేషనులోనికి పిలిచి ఆయుధములు, రికార్డులు చూపుట కలదు. నాకున్న అసంతృప్తి యొక్కటే: గ్రామసభలలో పెక్కింట మైకు వారిచేతిలోనే యుండును. ఉపన్యాసమగును, ఫోటో యగును, జీపు కదలును. అడుగవలసినవాడు చివరి వరుసలో నోరు మెదపక కూర్చుండును. అతని ప్రక్కనే అవతలి కక్షవా డుండును గదా!

1935 లో పాతూరి నాగభూషణముగారు పడవలో పుస్తకములు పెట్టి కాలువగట్టు పల్లెలకు పంపిరి. పాఠకుడు రాలేనిచోటికి పుస్తకమే పోయినది. పోలీసువారి విద్యయు అట్లే రావలెను. ఈ గ్రంథాలయము ఏ పార్టీదియు కాదు. ఈ బల్లవద్ద ఉభయ కక్షలవారును ఒకే పత్రికను పంచుకొని చదువుటను నేను కన్నులార చూచితిని. కావున కార్యవర్గమువారికి నా మనవి. నెలకొక సాయంకాలము ఎస్సైగారినో, మహిళా పోలీసునో ఇక్కడికి పిలువుడు. ఉపన్యాసము వలదు. ద్వారమువద్ద ఒక పెట్టె నుంచుడు. ఎవరైనను పేరు వ్రాయక తమ ప్రశ్నను చీటిపై వ్రాసి అందులో వేయవచ్చును. చదువురానివారికి ఉన్నతపాఠశాల పిల్లలు వ్రాసిపెట్టుదురు. వచ్చినవారు ఆ చీటీలను పైకి చదివి సమాధానములు చెప్పవలెను. చెప్పలేని ప్రశ్నను మరుసటి నెలకు పుస్తకములో వ్రాసికొనవలెను.

ఆ పెట్టె తాళపుచెవి మాత్రము మన గ్రంథపాలకునివద్దనే యుండవలెను, స్టేషనులో కాదు.