అంతర్జాల విద్య - మన విద్యార్థులు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇంటనుండి చదువుట మన దేశమునకు క్రొత్త కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయము 1962లోనే తపాలా మూలమున పాఠములు పంపనారంభించినది. 1982లో హైదరాబాదున దేశములోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. ఉద్యోగము చేసికొనుచునే పట్టభద్రులైనవారు ఈ సభలోనే పలువురు గలరు. కాని ఆ చదువు వారు కోరి ఎన్నుకొన్నది. 2020 మార్చిలో మహమ్మారి కారణమున కళాశాలలు మూతపడినప్పుడు, కోరని వారికి సైతము అంతర్జాలమే తరగతి గది యైనది.

అప్పుడు మా అన్నగారి కుమార్తె మా యింటనుండి బి.ఏ. చదువుచుండెను. మాది రెండు గదుల క్వార్టరు. ఒక గదిలో నా ఫైళ్లు, రెండవ గదిలో ఆమె పాఠములు. అర్థము కాని చరిత్ర పాఠమును ఆమె మరల మరల వినెడిది. ఈ సౌకర్యము మా కాలమున లేదే యని నేను సంతోషించితిని. మార్కులును బాగుగనే వచ్చినవి. ఒకనాడు, "సందేహములు అడుగుచున్నావా, అమ్మా?" అంటిని. "ఎవరిని అడగను, బాబాయి? మా మేడమ్‌కు నా ముఖమైనా తెలియదు" అన్నది. ఆ మాటకు నాయొద్ద సమాధానము లేకపోయినది.

వినుట వేరు, నేర్చుట వేరు. తరగతిలో గురువు విద్యార్థి కనుబొమల ముడిని చూచి చెప్పినదానినే మరియొక విధమున చెప్పును. తెరకు ఆ చూపు లేదు.

అయినను ఈ పద్ధతిని నిందించుట న్యాయము కాదు. 2017లో ప్రారంభమైన 'స్వయం' వేదికపై గొప్ప ఆచార్యుల పాఠములను మారుమూల విద్యార్థియు ఉచితముగా వినవచ్చును. 2021 నాటి నిబంధనలు ఒక సెమిస్టరు పాఠ్యాంశములలో నూటికి 40 వంతుల వరకు ఆ మార్గమున చదువుటకు అవకాశమిచ్చినవి. కనుక ఎట్లు చదువవలెనన్నదే మన ప్రశ్న.

పాఠమును నడుమ ఆపి, విన్నదానిని సొంత మాటలలో వ్రాసికొనవలెను. మరునాడు చూడకుండ జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. పిమ్మట దానిని మరియొకరికి చెప్పవలెను. మా అమ్మాయి ముగ్గురు స్నేహితురాండ్రతో ప్రతి ఆదివారము ఫోనులోనే పాఠము చెప్పుకొనసాగినది. నెల తిరుగునప్పటికి ఆమె ప్రశ్నలకు జవాబు చెప్పుట నాకే కష్టమైనది!

మన సంఘ గ్రంథాలయము ఆదివారము మధ్యాహ్నము మూసియుండును. ఆ గదిని మన పిల్లలకు ఇత్తము. ఒక బల్ల, నలుగురు తోడివారు చాలును. తాళపుచెవి బాధ్యత నేను వహించెదను.

సెలవు.